గ్రంథస్వామ్యము: దాని పుట్టుకయు మేరయు

తెలుఁగున నచ్చైన గ్రంథములలోఁ బెక్కింట ముఖపత్రమునకు వెనుకటి పుటను ‘సర్వస్వామ్యసంకలితము’ అను మాట కానవచ్చుచుండును. ఈ మాటను జూడని పాఠకుఁడు లేఁడు. దాని యర్థమును విచారించువా రరుదు. ఆ స్వామ్య మెవరిది? ఏ వస్తువునందు? ఎంతకాలము? అది రచనతోఁగూడఁ గర్తకు సహజముగా సిద్ధించునదా, లేక రాజశాసనమువలనఁ గలుగునదా? ఈ నాలుగు ప్రశ్నలలోఁ గడపటిదే మూలమైనది. దానికి సమాధానము దొరకినచో మిగిలిన మూఁటికిని దొరకును. ఆ సమాధానము చరిత్రయందున్నది. ఆ చరిత్ర ప్రధానముగా నింగ్లండు దేశమునకుఁ జెందినది. హిందూదేశమున నేఁడు నడచుచున్న 1957వ సంవత్సరపు గ్రంథస్వామ్యచట్టము దాని సంతతిలోనిదే.

మొదట శబ్దవిచారము. పాణిని స్వశబ్దమునుండి స్వామిశబ్దమును ఐశ్వర్యార్థమున నిపాతనముచే సాధించెను. స్వామియొక్క భావము స్వామ్యము. ‘రాజుయొక్క భృత్యుఁడు’, ‘కవియొక్క కావ్యము’ అను రెండు చోట్లను షష్ఠియే యున్నను సంబంధ మొక్కటి గాదు. మొదటిదానియందు స్వస్వామిభావము, రెండవదానియందు జన్యజనకభావము కలవు. షష్ఠికి నూటయొక్క యర్థములని మహాభాష్యకారుఁడు చెప్పియుండుట వైయాకరణు లెఱిఁగినదే. తండ్రికిఁ గుమారునితో జన్యజనకభావ మున్నంతమాత్రమున వానిని విక్రయించు స్వామ్యము గలుగదు. అట్లే కవికిఁ గావ్యముతోడి జన్యజనకభావము నిర్వివాదము. దానినుండి స్వస్వామిభావము దానంతటఁ బుట్టునా యనునదే వివాదము. పదునెనిమిదవ శతాబ్దమున నింగ్లండునందలి న్యాయాధిపతులు చేసిన వాదమంతయు నీ రెండు సంబంధముల భేదమునందే తిరిగినది.

ఈ స్వామ్యమునకు సోదరప్రాయములైన హక్కులు మఱి రెండు కలవు. పేటెంటు నూతనయంత్రాది కల్పనలకుఁ జెందినది. కల్పకుఁడు తన రహస్యమును లోకమునకు వెల్లడింపవలెను. దానికిఁ బ్రతిఫలముగా మితకాలము వఱకు నితరులు దానిని వాడకుండ నడ్డుకొనవచ్చును. హిందూదేశమున దీనికై ప్రథమశాసనము 1856లోఁ బుట్టెను. నాఁడు కాలావధి 14 ఏండ్లు, నేఁడు దరఖాస్తు దినమునుండి 20 ఏండ్లు. ట్రేడుమార్కు వర్తకుని గుఱుతు. ఇది పదేసి యేండ్ల కొకమాఱు నూతనపఱచుచుండిన నెంతకాలమైనను నిలుచును. కొనువాఁ డొకని సరకని తలఁచి వేఱొకని సరకు కొని మోసపోకుండుట దాని ప్రయోజనము. గ్రంథస్వామ్య మీ రెంటికంటె భిన్నము. దీనికి నమోదు గూడ నావశ్యకము గాదు. రచన యక్షరారూఢమైనతోడనే యిది కలుగును. ఈ వ్యాసమునకు విషయ మిదియే.

ముద్రణమునకుఁ బూర్వపుస్థితి

తాళపత్రముల కాలమునఁ బుస్తకము వేఱు, గ్రంథము వేఱు అను భేదము స్పష్టముగా నుండెను. తాటియాకుల కట్ట యెవని యింట నున్నదో వానిది. దానిని దొంగిలించినవాఁడు దొంగ. అందలి కావ్యమును జూచి ప్రతి వ్రాసికొనుటకు మాత్రము కవి యనుమతి నడుగు నాచారము లేదు. రాజరాజనరేంద్రుని ప్రేరణమున నన్నయభట్టు భారతాంధ్రీకరణమునకుఁ బూనుకొనెను. పెద్దన మనుచరిత్రమును గృష్ణదేవరాయల కంకిత మిచ్చెను. కృతిపతి యను పేరునఁ బతిశబ్ద మున్నను, ఆ ప్రభువునకు లభించినది కీర్తియే కాని యితరులు ప్రతులు వ్రాయకుండ నడ్డుకొను నధికారము గాదు. సరిగా విచారించినఁ బ్రతులు పెరిగినకొలఁది నతని కీర్తి పెరుగును.

కావ్యచౌర్య మనునది లేదని దీని యర్థము గాదు. ఆనందవర్ధనుఁడు ధ్వన్యాలోకము నాల్గవ యుద్ద్యోతమునఁ గవుల రచనలలోఁ గానవచ్చు పోలికలను మూఁడు తెఱఁగులుగా విభజించెను: ప్రతిబింబమువంటిది, చిత్తరువువంటిది, ఒకనిఁ బోలిన వేఱొక దేహివంటిది. మొదటి రెండును విడువఁదగినవనియు, మూఁడవదానికిఁ దన యాత్మ తనకుండుటచే గ్రాహ్యమనియు నతని సిద్ధాంతము. రాజశేఖరుఁడు కావ్యమీమాంసయందు శబ్దహరణమును, అర్థహరణమును వేఱువేఱుగాఁ బరీక్షించి పదము, పాదము మొదలుకొని ప్రబంధము వఱకు హరణభేదములను నిరూపించెను. గైక్వాడు ప్రాచ్యగ్రంథమాలయందుఁ బ్రథమగ్రంథముగా 1916లో వెలువడిన దీ కావ్యమీమాంసయే. అయినను ఈ యాలంకారికుల తీర్పునకు సభయే న్యాయస్థానము, అపకీర్తియే దండనము. జన్యజనకభావమును జెఱుపరాదనుటయే వారి పట్టు. ధనప్రసక్తి యందు లేదు.

ముద్రణయంత్రము వచ్చుటతో నీ స్థితి మాఱెను. లేఖకుఁడు ప్రతి వ్రాయుటకు మొదటి ప్రతికైనను నూఱవ ప్రతికైనను శ్రమ సమానము. అచ్చునందు మొదటి ప్రతికే వ్యయమంతయు, తరువాతివి సులభములు. కవికి సొమ్మిచ్చి, యక్షరములు కూర్పించి, చిత్తులు దిద్దించి యొకఁడు గ్రంథమును వెలువరింపఁగా, వేఱొకఁ డా ముద్రితప్రతిని జూచి కవికేమియు నీయక యచ్చువేసి తక్కువ వెలకు నమ్మవచ్చును. గ్రంథస్వామ్యమను ప్రశ్న యీ యార్థికస్థితినుండి పుట్టినది.

స్టేషనర్సు కంపెనీయు, 1710వ సంవత్సరపుఁ జట్టమును

1557లో ఫిలిప్పు, మేరీ యను రాజదంపతులు లండను పుస్తకవ్యాపారుల సంఘమైన స్టేషనర్సు కంపెనీకి శాసనపత్ర మొసఁగిరి. సంఘసభ్యుఁ డొక గ్రంథము పేరును సంఘపు చిట్టాలో వ్రాయించుకొన్నయెడల నితరసభ్యులు దాని నచ్చువేయరాదు. ఇందుఁ గర్త ప్రసక్తియే లేదు, హక్కు వర్తకునిది. రాజునకుఁ గావలసినది రాజద్రోహమును, మతద్రోహమును గల గ్రంథములు వెలువడకుండుట. వర్తకులకుఁ గావలసినది పోటీ లేకుండుట. రెండు ప్రయోజనము లొక్క యేర్పాటునఁ జేరెను. మిల్టను మహాకవి 1667లోఁ దన ‘పారడైజ్ లాస్ట్’ కావ్యపు హక్కును విక్రయించినప్పుడు చేతికి వచ్చినది 5 పౌనులు.

1662లో నేర్పడిన ముద్రణనియంత్రణశాసనము 1695లో మురిగిపోయెను. పార్లమెంటు దానిని మరలఁ బొడిగింపలేదు. వర్తకుల గుత్త సడలెను. వారు పెక్కుమాఱులు పార్లమెంటు నాశ్రయించిరి. తుదకు ఆన్ రాణి కాలమున 1710లో నొక చట్టము పుట్టెను. విద్యాభివృద్ధియే తన ప్రయోజనమని యా చట్టము శీర్షికయందే చెప్పుకొనినది. దానిచేఁ బ్రథమముగాఁ గర్తకు హక్కు గుర్తింపఁబడెను. క్రొత్త గ్రంథములకు 14 ఏండ్లు. అంతట కర్త జీవించియుండిన మఱి 14 ఏండ్లు. అంతకుముం దచ్చైన గ్రంథములకు 21 ఏండ్లు. గ్రంథమును జిట్టాలో వ్రాయింపవలెను. 9 ప్రతులు నిర్ణీతగ్రంథాలయముల కీయవలెను. ఇట్లు హక్కు, కాలపరిమితి, లోకమునకుఁ జెల్లింపవలసిన ఋణము మూఁడు నొక్క చట్టమునందే జన్మించెను.

‘ఋతువులు’ అను కావ్యముపై వివాదము

21 ఏండ్లు 1731లో ముగిసెను. లండను వర్తకులు షేక్స్పియరు, మిల్టను మొదలగువారి గ్రంథములు తమ సొత్తులే యని భావించుచు వానిని దమలోఁదాము విక్రయించుకొనుచునే యుండిరి. చట్టముచేఁ గలిగిన హక్కు పోయినను, దానికంటె బూర్వమైన సహజస్వామ్య మొకటి కలదనియు, అది శాశ్వతమనియు, కర్తనుండి కొన్నవారికి సంక్రమించెననియు వారి వాదము. స్కాట్లండు వర్తకులు దీని నంగీకరింపక పాతగ్రంథముల నచ్చువేసి చౌకగా నమ్మఁజొచ్చిరి. ఈ పోరాటమునకు జేమ్సు థామ్సను కవి రచించిన ‘ది సీజన్స్’ అను ఋతువర్ణనకావ్యము రంగమయ్యెను. దాని భాగములు 1726 మొదలు వెలువడి 1730లో సమగ్రముగాఁ బ్రకటితములయ్యెను. ఆండ్రూ మిల్లరను లండను వర్తకుఁడు దాని హక్కును గొనెను. కవి 1748లో మరణించెను. చట్టమిచ్చిన గడువు తీఱిన పిమ్మట రాబర్టు టేలరనువాఁ డా కావ్యము నచ్చువేయఁగా మిల్లరు వ్యాజ్యెము తెచ్చెను.

1769లోఁ గింగ్సు బెంచి న్యాయస్థానము మిల్లరు పక్షమునఁ దీర్పు చెప్పెను. ప్రధానన్యాయాధిపతియైన మాన్సుఫీల్డు ప్రభువు మత మిది: తన బుద్ధిచేతను, శ్రమచేతను పుట్టినదాని ఫలమును గర్తయే యనుభవించుట న్యాయము, తన రచన యెప్పుడు వెలువడవలెనో, యేరూపమున వెలువడవలెనో నిర్ణయించువాఁ డతఁడే. విల్లిసు, ఆస్టను అను న్యాయాధిపతులు దీనిని సమర్థించిరి. యేట్సు మాత్రము విభేదించెను. స్వామ్యమునకు మేర గల వస్తు వుండవలెను. ఒక్కనిచే ననుభవింపఁబడ శక్యమై యుండవలెను. ప్రకటించి లోకమున విడిచిన భావముల నెట్లు పట్టి యుంచుట? లిఖితప్రతి కవిదే, ప్రకటించుటతో నతఁడు దానిని సర్వులకు నర్పించినవాఁ డయ్యెను. చట్టమిచ్చిన కాలావధియే యతనికిఁ బ్రతిఫలము. ఇది యేట్సు వాదసారము. మాన్సుఫీల్డు జన్యజనకభావమునుండి స్వస్వామిభావమును దీసికొనివచ్చెను. యేట్సు ఆ రెంటి నడుమ నంతర మున్నదనెను.

తీర్పు వెలువడునప్పటికే మిల్లరు మరణించి యుండెను. అతని యాస్తి విక్రయమున థామస్ బెకెట్టును, మఱికొందఱును గలిసి ఆ కావ్యపుహక్కును 505 పౌనులకుఁ గొనిరి. ఎడింబరోవాఁడైన అలెగ్జాండరు డొనాల్డ్సను అను వర్తకుఁడు దానినే మరల నచ్చువేసెను. ఇతఁడు లండనులోఁ గూడ నంగడి తెఱచి పాతగ్రంథములను జౌకవెలకు నమ్మినవాఁడు. స్కాట్లండు న్యాయస్థానము 1773లో వేఱొక వ్యాజ్యెమున శాశ్వతస్వామ్యము లేదని తీర్పు చెప్పియుండెను. ఇంగ్లండున నొక తీర్పు, స్కాట్లండున నొక తీర్పు! బెకెట్టు తెచ్చిన నిషేధాజ్ఞపై డొనాల్డ్సను ప్రభువులసభకుఁ బునర్విచారణ కోరెను. సభవారు న్యాయాధిపతుల యభిప్రాయముల నడిగిరి. అవి భిన్నముగా వచ్చెను. వ్యాఖ్యానగ్రంథకర్తగాఁ బ్రసిద్ధుఁడైన బ్లాక్స్టను శాశ్వతస్వామ్యపక్షమున నుండెను. మాన్సుఫీల్డు తన పూర్వతీర్పే విచారణయం దున్నందున మౌనము వహించెను. కామ్డెను ప్రభువు శాశ్వతవాదమును దీవ్రముగా ఖండించెను. విద్య సర్వజనసాధారణమనియు, శాశ్వతస్వామ్యము నంగీకరించినచో లోకవిద్య యంతయుఁ గొందఱు వర్తకుల యినుపపెట్టెలలోఁ జిక్కి, వారు చెప్పినదే వెల యగుననియు నతని హెచ్చరిక. 1774 ఫిబ్రవరి 22వ తేదీని ప్రభువులసభ డొనాల్డ్సను పక్షమునఁ దీర్పు చేసెను. ప్రకటితగ్రంథమునకుఁ జట్టమిచ్చిన కాలముకంటె మించిన స్వామ్యము లేదని తేలెను.

తీర్పునకు ఫలము త్వరలోనే కానవచ్చెను. జాన్ బెల్లను ప్రకాశకుఁడు 1777 మొదలుకొని బ్రిటిషు కవుల కావ్యములను 109 చిన్న సంపుటములుగాఁ జౌకగా వెలువరింప నారంభించెను. పాత సొత్తుపైఁ గూర్చుండ వీలులేకపోఁగా లండను వర్తకులు క్రొత్తపనికిఁ బూనుకొనవలసివచ్చెను. తాము వేయు కవులసంపుటములకుఁ బీఠికలు వ్రాయుమని సామ్యుయలు జాన్సనును గోరిరి. ఆ పీఠికలే 1779–81 నడుమ వెలువడి యాంగ్లవిమర్శవాఙ్మయమునకు భూషణములైన ‘కవిజీవితములు’. స్వామ్యము తీఱినచోట సాహిత్యము కృశించునను భయము నిరాధారమని యీ యుదాహరణము చాటుచున్నది.

మితాక్షరతోఁ బోలిక

ఈ వివాదమును జూచిన ధర్మశాస్త్రవేత్తకు విజ్ఞానేశ్వరుఁడు జ్ఞప్తికి రాక మానఁడు. మూలఘటిక కేతన తెలుఁగుపఱచుటచే నాంధ్రులకుఁ జిరపరిచితమైన యీ గ్రంథకర్త మితాక్షర దాయవిభాగమున నిట్టి ప్రశ్ననే లేవనెత్తెను: స్వత్వము శాస్త్రమువలననే తెలియఁదగినదా, లేక లౌకికమా? దాయము, క్రయము, విభాగము, పరిగ్రహము, నిధిప్రాప్తి మొదలగువానిని గౌతముఁడు స్వామ్యహేతువులుగాఁ జెప్పుటచే శాస్త్రైకగమ్యమని పూర్వపక్షము. శాస్త్ర మెఱుఁగని ప్రత్యంతవాసులు గూడఁ గ్రయవిక్రయములు చేయుచుండుటచే స్వత్వము లౌకికమే యని యతని సిద్ధాంతము. భూమి, పశువు, ధాన్యము మొదలగువానివిషయమున నిది సర్వసమ్మతము. గ్రంథస్వామ్యవిషయమున నింగ్లండు ప్రభువులసభ దీనికి విపరీతమైన సిద్ధాంతమును స్థాపించినది. చట్టము నెఱుఁగని జనులయందు గ్రంథస్వామ్య మెచ్చటను గానరాదు. తాళపత్రకాలమే దానికి సాక్ష్యము. కావున నిది శాసనైకగమ్యము. హిందూదేశపు 1957వ సంవత్సరపుఁ జట్టమందలి 16వ విభాగము నిదే చెప్పుచున్నది: చట్టముననుసరించి కాక వేఱుగా గ్రంథస్వామ్యము గలుగదు. శాసన మెంత యిచ్చినదో యంతయే కర్తది, తక్కినది లోకమునది.

కాలావధి పెరుగుట

శాసనైకగమ్యమైన హక్కు శాసనముచేఁ బెరుగును, తరుగును. ఇంగ్లండున 1814లో నది 28 ఏండ్లు, లేక కర్త జీవితకాలమయ్యెను. 1841లోఁ దాల్ఫోర్డను పార్లమెంటు సభ్యుఁడు కర్త మరణానంతరము 60 ఏండ్లవఱకు దానిని బొడిగింపఁ గోరెను. 1835లో హిందూదేశవిద్యావిషయమునఁ దన యభిప్రాయపత్రముచే నిచ్చటివారి కెఱుకపడిన మెకాలేయే దాని నెదిర్చెను. కర్తలకు జీవనోపాధి కలుగుటకు స్వామ్య మావశ్యకమే యని యతఁ డంగీకరించెను. కాని దానిభారము చదువరులపైఁ బడు పన్నువంటిది గాన నావశ్యకమునకు మించి యుండరాదనెను. మిల్టను దౌహిత్రి దారిద్ర్యమున నుండఁగా నాతని కావ్యపుహక్కు పుస్తకవ్యాపారి చేత నుండినదని యతఁ డుదాహరించెను. వారసులు తమకు నచ్చని గ్రంథమును దొక్కిపట్టుదురను భయమును గూడఁ జూపెను. బిల్లు వీఁగిపోయెను. 1842లో వచ్చిన చట్టమునఁ గర్తజీవితమును మఱి 7 ఏండ్లును, లేక ప్రకటనమునుండి 42 ఏండ్లును, ఏది యధికమో యది నిలిచెను.

హిందూదేశమునకుఁ గంపెనీ పరిపాలనమున 1847లోఁ బ్రథమచట్టము వచ్చెను. 1911వ సంవత్సరపు సామ్రాజ్యచట్టము ననుసరించి 1914లో వచ్చిన చట్టమున మరణానంతరము 50 ఏండ్లు గడువు. 1957వ సంవత్సరపుఁ జట్ట మదే నిలిపెను. రవీంద్రనాథఠాకూరు 1941లో మరణించుటచే నాతని గ్రంథముల గడువు 1991తో ముగియవలసి యుండఁగా, 1992లోఁ జట్టమును సవరించి 60 ఏండ్లు చేసిరి. మెకాలే యెదిర్చిన 60 ఏండ్లే 151 ఏండ్ల పిమ్మట నీ దేశమున శాసనమయ్యెను! గణనము మరణించిన మఱుసటి సంవత్సరారంభమునుండి జరుగును. 1919లోఁ గీర్తిశేషులైన వీరేశలింగము పంతులుగారి గ్రంథములు 1969తోనే లోకపుసొత్తులైనవి. 1976లోఁ గీర్తిశేషులైన విశ్వనాథ సత్యనారాయణగారి గ్రంథములకు 2036వఱకు స్వామ్యము గలదు.

ఆంధ్రీకరణమునకు హక్కు

తెలుఁగు సాహిత్యమునకు ముఖ్యమైన విషయ మొకటి యిచ్చటఁ గలదు. గ్రంథస్వామ్యమునందు భాషాంతరీకరణపుహక్కును జేరియున్నది. శాశ్వతస్వామ్యమే న్యాయమైయుండిన, వ్యాసుని వారసుల యనుమతి లేక నన్నయకు భారతము లేదు. శ్రీహర్షుని వారసుల కనుజ్ఞామూల్య మీయక శ్రీనాథునకు నైషధము లేదు. అనువాదముతోఁ బ్రారంభమైన సాహిత్యమునకు స్వామ్యపరిమితియే ప్రాణాధారము. ఈ దేశపు శాసనకర్త లీ సంగతి నెఱుఁగక పోలేదు. 1914వ సంవత్సరపుఁ జట్టము సామ్రాజ్యచట్టమును జాలవఱకు ననుసరించినను, ఇచ్చటఁ బ్రథమముగాఁ బ్రకటింపఁబడిన గ్రంథములవిషయమున ననువాదహక్కును 10 ఏండ్లకు మాత్రమే పరిమితము చేసెను. ఆ లోపల నేభాషలోఁ గర్త యనువాదమును వెలువరించునో, యాభాషవఱకే హక్కు నిలుచును. పెక్కుభాషలుగల దేశమునకుఁ దగిన యేర్పాటిది. 1957వ సంవత్సరపుఁ జట్టమున నీ పదేండ్లనియమము లేదు. దానికి మాఱుగా, ప్రకటనము జరిగి 7 ఏండ్లు గడచిన గ్రంథమునకు ననువాదము లేనిచోఁ దగిన ప్రతిఫలము చెల్లించి యనుజ్ఞాపత్రమును గోరు మార్గ మేర్పఱుపఁబడినది.

స్వామ్యమునకు వస్తువేది?

రచనయం దేది కర్తది? భావమా, శబ్దమా? న్యాయస్థానముల నిర్ణయము భావము గాదు, భావమును వెల్లడించిన రూపమే యని. 1978లో సుప్రీముకోర్టు దీనిని విస్పష్టముగాఁ జెప్పినది. ‘హమ్ హిందుస్తానీ’ యను నాటకకర్త ఆర్. జి. ఆనందు, 1956లో వచ్చిన ‘న్యూఢిల్లీ’ యను చలనచిత్రము తన నాటకమునకుఁ జౌర్యమని వాదించెను. ప్రాంతీయదురభిమానము రెంటికిని విషయమే. విషయ మొక్కటియైనను నిర్వాహము వేఱైనచో స్వామ్యభంగము లేదని కోర్టు తీర్పు. చూచినవాఁడు రెండవది మొదటిదానికిఁ బ్రతికృతియే యని నిస్సంశయముగాఁ దలఁచునా యనునదే పరీక్ష. ఆనందవర్ధనుని ప్రతిబింబ తుల్యదేహి వివేచనమునకును దీనికిని గల సామ్యము గమనింపఁదగినది. భేద మొక్కటే: ఆలంకారికుఁడు అర్థహరణమును గూడ నిందించును; చట్టము శబ్దరూపమును మాత్రమే కాపాడును. భావములు స్వేచ్ఛగా సంచరింపనిచోఁ దరువాతి కవికి వ్రాయుటకు విషయమే మిగులదు.

పరిష్కర్తల హక్కు

ప్రాచీనగ్రంథములను బరిష్కరించి ప్రకటించువారికిని, పాఠశాలలకు సంగ్రహములు కూర్చువారికిని ఈ చరిత్రలోఁ గడపటిభాగము ముఖ్యమైనది. నన్నయ తిక్కనల గ్రంథములకు స్వామ్యము లేదు. వానిని బరిష్కరించినవారికి ‘సర్వస్వామ్యము’ ఏమున్నది?

1890లోఁ గలకత్తా హైకోర్టు పాల్గ్రేవు కూర్చిన ‘గోల్డెన్ ట్రెజరీ’ యను పద్యసంకలనమునుగుఱించి తీర్పు చెప్పినది. అందలి పద్యములు పెక్కు స్వామ్యము తీఱినవి. ఎవరైన వాని నచ్చువేయవచ్చును. కాని ఎన్నికయందును, కూర్పునందును సంకలనకర్త విచక్షణ యున్నది గనుక దానిని బూర్తిగా ననుకరింపరాదని నిర్ణయము. బొంబాయినుండి వచ్చిన పాఠ్యగ్రంథవివాదమున 1924లోఁ బ్రివీకౌన్సిలు మఱింత సూక్ష్మముగా విభజించినది. నార్తు అనువదించిన ప్లూటార్కు గ్రంథములోని అలెగ్జాండరు చరిత్రనుండి కొన్ని ఖండములను దీసి, నడుమ నతుకుమాటలు చేర్చి, టీకతో మాక్మిలను కంపెనీ విద్యార్థులకై ప్రకటించెను. ఇట్లు తగ్గించిన మూలమునందు స్వామ్యము లేదనియు, టీకయందు మాత్రము గలదనియుఁ దీర్పు. 2007లో సుప్రీముకోర్టు న్యాయనిర్ణయసంపుటముల వివాదమున నీ మార్గమునే యనుసరించినది. తీర్పుల మూలపాఠము సర్వులది. అచ్చుతప్పులు దిద్దుట, ఉదాహృతగ్రంథముల సంఖ్యలు చేర్చుట మొదలగు శ్రమమాత్రము స్వామ్యమునకుఁ జాలదు. ఖండవిభజనము, అన్యోన్యసూచనలు మొదలగు విచక్షణతోఁ గూడిన కల్పన యున్నంతమేరకే స్వామ్యము.

దీనికిఁ బ్రక్కనే యిశ్రాయేలు దేశపు తీర్పొకటి కలదు. మృతసముద్రతీరగుహలలో దొరకిన ప్రాచీనలేఖనముల తునుకలలోఁ గొన్నిఁటిని జేర్చి, లోపించిన మాటలను బూరించి యెలీషా కిమ్రోను అను పండితుఁ డొక పాఠమును సిద్ధపఱచెను. దానిని హెర్షెలు షాంక్సను ప్రకాశకుఁ డనుమతి లేక 1991లోఁ బ్రకటించెను. పూరించిన పాఠముపైఁ బండితునకు స్వామ్యము గలదని యా దేశపు సర్వోన్నతన్యాయస్థానము 2000లో నిర్ణయించెను. యథాతథముగాఁ దిరిగి వ్రాయుటకును, శిథిలపాఠమును బుద్ధిబలముచే నిర్మించుటకును భేదమున్నదని దాని సారము. అయినను దీనియం దొక చిక్కు గలదు. పరిష్కర్త తన పాఠము మూలకవిదే యని చెప్పును. స్వామ్యము గోరునప్పుడు దానిని దన కల్పన యనవలసివచ్చును. రెండు మాటలు నొక్కనోటఁ బొసఁగుట కష్టము.

ఈ తీర్పులనుండి తేలునది యిది. పీఠిక, వ్యాఖ్య, టిప్పణము, స్వయముగాఁ జేసిన యనుక్రమణిక పరిష్కర్తవి. ప్రాచీనకవి పద్యము పరిష్కర్తది గాదు. తాళపత్రమును గలవాఁడు దానిని జూపనన వచ్చును. అది పుస్తకముపైఁ గల స్వామ్యము, గ్రంథముపైఁ గలది గాదు. ప్రజలకుఁ బ్రవేశముగల గ్రంథాలయమునందలి యముద్రితగ్రంథమును బరిశోధనకై గాని, ప్రకటించు నుద్దేశముతో గాని ప్రతి వ్రాసికొనుటకుఁ జట్టమే యనుమతించుచున్నది. కర్త యెవరో తెలిసియున్నచో నతఁడు మరణించి 60 ఏండ్లు దాఁటియుండవలెను. కావున భారతమునకుఁ గాని, మనుచరిత్రమునకుఁ గాని ముఖపత్రము వెనుక ‘సర్వస్వామ్యసంకలితము’ అని వ్రాసినచో ‘సర్వ’ శబ్దమునకు సంకోచము చెప్పక తీరదు.

తుదకు షష్ఠీవిచారమునకే రావలయును. స్వస్వామిభావము శాసనముచేఁ గలిగి, విక్రయముచేఁ జేయి మాఱి, గడువు తీఱఁగనే నశించును. జన్యజనకభావ మట్టిది గాదు. 1957వ సంవత్సరపుఁ జట్టము 57వ విభాగమున, స్వామ్యమును విక్రయించిన పిమ్మటఁ గూడఁ గర్త తన కర్తృత్వమును జాటుకొనుటకును, తన గౌరవమునకు భంగము గలుగునట్లు రచనను వికృతపఱచుట నడ్డుకొనుటకును హక్కు గలదని చెప్పుచున్నది. ఆలంకారికులు కాపాడఁ గోరినది యీ సంబంధమునే. గడువు తీఱిన గ్రంథమును సర్వు లచ్చువేయవచ్చును; కవి పేరు తుడిచివేయుటకుఁ గాని, పాఠము నిష్టము వచ్చినట్లు మార్చి యతనిదే యనుటకుఁ గాని గడువు తీఱుట యెన్నఁడును ననుమతి గాదు. స్వామ్యమున్నంతకాలము గ్రంథమునకుఁ గావలి స్వామియే. అది తీఱినపిమ్మట దానికిఁ గావలి పండితలోకము.